నోటి దుర్వాసన: కప్పిపుచ్చడం కాదు, మూలం వెతికి పట్టుకోవడం

నోటి దుర్వాసనతో వచ్చే చిక్కంతా ఇదే: ఉన్నవారికి తెలియదు, తెలిసినవారు చెప్పరు. ఎదుటివారు మాటల మధ్యలో మొహం కాస్త పక్కకు తిప్పుకుంటే గానీ మనకు అనుమానం రాదు. వచ్చాక మనిషి చేసే మొదటి పని చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడడం, రెండో పని ఏదో ఒక సువాసన బిళ్ల నోట్లో వేసుకోవడం. నేనూ దాదాపు మూడేళ్లు ఇలాగే గడిపాను. తప్పంతా కడుపుదేనని నమ్మి ఎసిడిటీ మాత్రలు మింగాను. చివరికి ఒక దంతవైద్యురాలు చిన్న అద్దం పట్టి, వెనక దవడ పళ్ల మధ్య వాచిన చిగురు చూపించి, "ఇక్కడి నుంచి వస్తోంది" అన్నారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. వాసనను కప్పడానికి ముందు అది ఎక్కడ పుడుతోందో వెతకండి. పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఆ చోటు నోట్లోనే ఉంటుంది.

అసలు వాసన ఎలా పుడుతుంది

మన నోట్లో వందల రకాల బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. వాటిలో చాలావరకు మనకు హాని చేయవు. దుర్వాసనకు కారణమయ్యేవి ముఖ్యంగా గాలి తగలని మూలల్లో బతికే రకాలు. నాలుక వెనక భాగంలోని గరుకు మడతలు, పళ్ల సందులు, చిగురుకూ పంటికీ మధ్య ఉండే సన్నని ఖాళీ వాటికి ఇష్టమైన చోట్లు. అక్కడ చేరిన ఆహారపు తునకలు, నోటి లోపలి పొర నుంచి రాలిన కణాలు, చిగుళ్ల నుంచి ఊరే రక్తం, ముక్కు వెనక నుంచి జారే శ్లేష్మం వాటికి మేత. వీటన్నిటిలోనూ ప్రొటీన్లు ఉంటాయి. ఆ ప్రొటీన్లలో సిస్టీన్, మెథియోనైన్ అనే గంధకం కలిగిన అమైనో ఆమ్లాలు ఉంటాయి. బ్యాక్టీరియా వాటిని విడగొట్టినప్పుడు గంధక వాయువులు వెలువడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మిథైల్ మెర్కాప్టాన్ కుళ్లిన క్యాబేజీని తలపిస్తుంది. చిగుళ్ల జబ్బు ఉన్నవారి ఊపిరిలో ఈ రెండోది ఎక్కువగా కనిపిస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ టోన్జెటిచ్ 1970ల తొలినాళ్లలో గ్యాస్ క్రొమాటోగ్రఫీ సాయంతో నోటిగాలిలోని ఈ వాయువులను విడివిడిగా కొలిచి చూపించారు. నోటి వాసన మీద నేటి శాస్త్రానికి పునాది అక్కడే పడింది.

ఈ బ్యాక్టీరియాను అదుపులో పెట్టేది లాలాజలం. రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు ఊరి, నోటిని కడుగుతూ, ప్రాణవాయువును అందిస్తూ ఉంటుంది. నిద్రలో ఈ ఊట దాదాపు ఆగిపోతుంది. పొద్దున లేవగానే పాచి నోరు వాసన రావడానికి కారణం అదే. అది జబ్బు కాదు, అందరికీ ఉంటుంది. పళ్లు తోముకుని, నీళ్లు తాగి, ఏదైనా తిన్నాక పోతే దాని గురించి దిగులు పడనవసరం లేదు. అన్నీ చేసినా మిగిలిపోయే వాసన గురించే ఈ వ్యాసం.

మొదటి అడుగు: ఉందో లేదో తేల్చుకోండి

రెండు అరచేతులు దోసిలి పట్టి అందులోకి ఊది వాసన చూసుకోవడం అందరూ చేసే పని. దానివల్ల ఏమీ తెలియదు. మన ముక్కు మన వాసనకు అలవాటు పడిపోయి ఉంటుంది. పైగా ఊదిన గాలిలో నాలుక వెనక భాగం సంగతి అంతగా బయటపడదు. ఇంతకంటే నమ్మదగ్గ పరీక్షలు మూడున్నాయి.

మణికట్టు లోపలి వైపు నాలుక వెనక భాగం తగిలేలా ఒకసారి నాకి, పది సెకన్లు ఆరనిచ్చి వాసన చూడండి. నాలుక కొసతో నాకితే ప్రయోజనం లేదు, కొస ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. రెండోది చెంచా పరీక్ష. చెంచాను బోర్లించి నాలుక వెనక భాగం మీద మెల్లగా ముందుకు లాగండి. అంచున తెల్లగానో పసుపుగానో పొర వస్తుంది. అర నిమిషం ఆగి వాసన చూడండి. మూడోది నాకు అన్నిటికంటే ఉపయోగపడినది: దంతాల దారం, అంటే డెంటల్ ఫ్లాస్. వెనక దవడ పళ్ల మధ్య ఒక్కో సందులోకి దింపి తీసి, ప్రతిసారీ విడిగా వాసన చూడండి. అన్ని సందులూ ఒకేలా ఉండవు. ఏదో ఒక సందు దగ్గర దారం గుప్పుమంటే, లేదా ఎర్రగా బయటికొస్తే, వెతుకుతున్న చోటు దొరికినట్లే.

ఈ పరీక్షలు తిన్న వెంటనే, తోముకున్న వెంటనే చేయకండి. రెండు మూడు గంటల ఎడం ఉండాలి. వరసగా మూడు రోజులు ఒకే వేళకు చేసి, ఏ రోజు ఏమి కనిపించిందో చిన్న కాగితం మీద రాసుకోండి.

వీటన్నిటికంటే గట్టి ఆధారం మరో మనిషి ముక్కు. జీవిత భాగస్వామినో, తోబుట్టువునో, మొహమాటపడని స్నేహితుడినో అడగండి. "నా నోరు వాసన వస్తోందా?" అని అడిగితే మర్యాదకు లేదంటారు. "వారం రోజులు గమనించి, ఏ వేళ ఎక్కువగా ఉందో చెప్పు" అని అడగండి. అప్పుడు నిజం చెప్పడం వారికీ తేలికవుతుంది. దంతవైద్యులు కూడా ముక్కుతో చూసి సున్నా నుంచి ఐదు వరకు అంకె వేసే పద్ధతినే ఇప్పటికీ ప్రధానంగా నమ్ముతారు. గంధక వాయువులను కొలిచే యంత్రాలు ఉన్నాయి గానీ అవి అన్ని వాసనలనూ పట్టలేవు.

రెండో అడుగు: నోరా, ముక్కా, ఊపిరితిత్తులా

ఆ నమ్మకస్థుడి సాయంతోనే ఇంకో చిన్న పరీక్ష చేయండి. ముందు పెదాలు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. తర్వాత ముక్కు పట్టుకుని నోటితో వదలండి. నోటిగాలిలోనే వాసన ఉంటే మూలం నోట్లోనో గొంతులోనో ఉన్నట్లు. ముక్కుగాలిలోనే ఉంటే ముక్కు లోపలో, సైనస్‌లలోనో వెతకాలి. రెండింటిలోనూ సమానంగా ఉంటే వాసన రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి బయటికి వస్తోందని అనుమానించాలి. ఇది రోగ నిర్ధారణ కాదు. ఏ వైద్యుడి దగ్గరికి ముందు వెళ్లాలో చెప్పే దారిగుర్తు అంతే.

ఎక్కువ మందికి ఫలితం మొదటి రకమే వస్తుంది. కాబట్టి ముందు నోటి పని చూద్దాం.

మూడో అడుగు: నాలుక వెనక భాగం

రోజుకు రెండుసార్లు తోముకుంటూ కూడా దుర్వాసనతో బాధపడేవారు చాలామంది నాలుకను వదిలేస్తారు, లేదా ముందు సగం మాత్రమే గీసుకుంటారు. అసలు పొర పేరుకునేది వెనక మూడో వంతులో. అక్కడ నాలుక ఉపరితలం ఒత్తైన తివాచీలా ఉంటుంది. ఆ పోగుల మధ్య చేరినది పుక్కిలించినంత మాత్రాన పోదు, గీయాల్సిందే.

నాలుకబద్ద లోహంతో చేసినదైనా ప్లాస్టిక్‌దైనా సరే. బ్రష్షుతో కూడా చేయవచ్చు గానీ బద్ద మెరుగు. పొరను ఎత్తి బయటికి తెస్తుంది, ఎత్తు తక్కువ కాబట్టి డోకు కూడా తక్కువ వస్తుంది. పద్ధతి ఇది:

1. అద్దం ముందు నిలబడి నాలుకను వీలైనంత బయటికి చాపండి. జారిపోతుంటే శుభ్రమైన పలుచని గుడ్డతో కొసను పట్టుకోండి.
2. బద్దను డోకు రాని చోటు వరకు మాత్రమే వెనక్కి పెట్టండి. గాలిని మెల్లగా బయటికి వదులుతూ ముందుకు లాగండి. ఊపిరి వదులుతున్నప్పుడు డోకు తగ్గుతుంది.
3. ప్రతిసారీ బద్దను కడిగి, మధ్యలో రెండు మూడుసార్లు, పక్కల రెండేసి సార్లు గీయండి.
4. బద్ద మీదికి వచ్చేది నీళ్లలా తేటగా మారగానే ఆపేయండి.

మొదటి రోజే గొంతు దాకా వెళ్లాలని పట్టుబట్టకండి. రోజుకు కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ పోతే రెండు వారాల్లో అలవాటవుతుంది. గట్టిగా రుద్దడం మాత్రం తప్పు. రక్తం వచ్చేలా గీస్తే నాలుక పుండై మంట పెడుతుంది, దానివల్ల అదనపు లాభమేమీ ఉండదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి తప్పనిసరి. పొద్దున రెండోసారి. రాత్రిదే ముఖ్యమని ఎందుకంటానంటే, లాలాజలం ఆగిపోయే ఆరేడు గంటలు బ్యాక్టీరియాకు మేత లేకుండా చేసేది ఆ ఒక్క నిమిషమే.

నాలుక మీద నున్నని ఎర్రటి మచ్చలు దేశపటంలా కనిపిస్తూ చోటు మారుతుంటే దాన్ని గీకి పోగొట్టాలని చూడకండి. అది చాలామందిలో కనిపించే హానిలేని స్థితి. గీస్తే మంట పెరుగుతుంది.

నాలుగో అడుగు: చిగుళ్లు, పళ్ల సందులు

నా బాధ ఇక్కడే ఉండేది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. పంటి మీద పాచి మెత్తగా ఉన్నంతవరకు బ్రష్షుతో పోతుంది. దాన్ని వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గార అవుతుంది. గార పట్టాక ఇంట్లో ఎంత తోమినా పోదు. అది చిగురును దూరం నెట్టి, పంటికీ చిగురుకూ మధ్య జేబులాంటి ఖాళీ ఏర్పరుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర ఆ ఖాళీ లోతు 3 మిల్లీమీటర్లకు మించదు. జబ్బు ముదిరేకొద్దీ లోతు పెరుగుతుంది. గాలి చొరబడని ఆ జేబుల్లోనే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. నొప్పి ఉండదు. ఈ జబ్బులో మనల్ని మోసం చేసేది అదే.

తోముకునేటప్పుడు రక్తం కనిపించగానే చాలామంది ఆ చోటును తాకకుండా వదిలేస్తారు. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. రక్తం అక్కడ పాచి ఉందని, చిగురు వాచిందని చెబుతోంది. మెత్తని బ్రష్షుతో ఆ చోటును మరింత ఓపికగా శుభ్రం చేస్తే చాలా సందర్భాల్లో వారం రెండు వారాల్లో రక్తం ఆగుతుంది. ఆగకపోతే గార ఉన్నట్లే అనుకోవాలి, దంతవైద్యుడి పని మొదలైనట్లే. పొగ తాగేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పొగాకు వల్ల చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గి, జబ్బు ఉన్నా రక్తం కనిపించకపోవచ్చు. రక్తం రావడం లేదు కాబట్టి చిగుళ్లు బాగున్నాయని వారు అనుకోవడానికి వీల్లేదు.

తోమే పద్ధతి: బ్రష్షును చిగురు అంచున సుమారు 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో ఒక్కో చోట కాసేపు నిలపండి. గోడకు సున్నం కొట్టినట్లు అడ్డంగా ఈడ్చకండి. రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో. పులుపు తిన్నా, పుల్లని పానీయాలు తాగినా అరగంట ఆగి తోముకోండి, ఆమ్లం వల్ల మెత్తబడిన ఎనామిల్ రుద్దుడుకు అరిగిపోతుంది. బ్రష్షును మూడు నాలుగు నెలలకోసారి మార్చండి.

ఇంత చేసినా బ్రష్షు పళ్ల సందుల్లోకి వెళ్లదు. సందులు ఇరుకుగా ఉంటే దారం, కాస్త వెడల్పుగా ఉంటే సందుల బ్రష్షు వాడాలి. దారాన్ని పంటిని చుట్టినట్లు వంచి, చిగురు అంచు కింది వరకు దింపి, పైకీ కిందికీ కదిపి, పక్క పంటికీ అలాగే చేయాలి. రంపంలా ముందుకూ వెనక్కీ లాగితే చిగురు కోసుకుపోతుంది. రోజుకు ఒకసారి, రాత్రి తోముకునే ముందు చేస్తే చాలు. మొదటి వారం చేతులు సహకరించవు, ఐదు నిమిషాలు పడుతుంది. తర్వాత రెండు నిమిషాల పని.

పిప్పి పళ్లు, సగం బయటికి వచ్చి ఆగిన జ్ఞానదంతం, అంచు లేచిన పాత క్యాపు, సందు విడిన ఫిల్లింగు, వీటి కింద చేరినది ఏ బ్రష్షుకూ అందదు. వీటికి ఇంటి చిట్కాలు లేవు. మరమ్మతు చేయించుకోవలసిందే.

కట్టుడు పళ్లు ఉన్నవారు రాత్రి వాటిని తీసి పడుకోవాలి. మామూలు పేస్టు వాటిని గీరి గరుకు చేస్తుంది కాబట్టి మెత్తని బ్రష్షు, సబ్బు నీళ్లతో రుద్ది, చల్లని నీళ్లలోనో వాటి కోసమే తయారైన ద్రావణంలోనో ఉంచాలి. మరిగే నీళ్లు పోస్తే ఆకారం చెడిపోతుంది. పళ్లు తీశాక చిగుళ్లనూ, అంగిలినీ కూడా తడిగుడ్డతో తుడవాలి. ఇంట్లో పెద్దవారికి చేతులు వణుకుతుంటే ఈ పని వారి చేత కాకపోవచ్చు. అడగడానికి వారు సంకోచిస్తారు. మీరే ముందుకొచ్చి చేసిపెట్టండి.

ఐదో అడుగు: నోటిలో తడి

నోరు పిడచకట్టుకుపోతే పై రెండు అడుగుల శ్రమా సగం వృథా. ఎండిన నోట్లో బ్యాక్టీరియాను కడిగేదేమీ ఉండదు. నీళ్లు తక్కువ తాగడం ఒక్కటే దీనికి కారణం కాదు. నోటితో ఊపిరి పీల్చే అలవాటు, గురక, ఎక్కువ సేపు ఆపకుండా మాట్లాడే వృత్తి, ఆందోళన కూడా కారణాలే. అలర్జీకి వాడే యాంటీహిస్టమిన్లు, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందులు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే రక్తపోటు మందులు కూడా లాలాజలాన్ని తగ్గిస్తాయి. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే నోరు ఎండడం మొదలైతే ఆ సంగతి రాసిచ్చిన వైద్యుడికి చెప్పండి. మోతాదు గానీ మందు గానీ మార్చే వీలుండవచ్చు. మీ అంతట మీరు ఆపేయవద్దు.

నీటిని ఒకేసారి గటగటా తాగడం కంటే గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగడం మేలు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం ఊరుతుంది. దీన్ని నేను సువాసన బిళ్లల లెక్కలో వేయను. దానిలోని సువాసన కాదు, నమలడమే పని చేస్తుంది. చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న రకమైతే పళ్లకు కూడా మంచిది. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం దానికి అందకుండా పెట్టండి, జైలిటాల్ కుక్కలకు విషం. చక్కెర ఉన్న బిళ్లలు చప్పరిస్తే మాత్రం బ్యాక్టీరియాకు మేత వేసినట్లే.

కళ్లు కూడా పొడిగా, ఇసుక పడ్డట్లు ఉంటే, మంచినీళ్లు లేనిదే ముద్ద దిగకపోతే, అది లాలాజలం, కన్నీరు ఊరే గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ సిండ్రోమ్ లాంటి వ్యాధి కావచ్చు. వైద్యుడికి చూపించాలి.

ఆరో అడుగు: మౌత్‌వాష్ ఎంతవరకు

దీన్ని కావాలనే వెనక పెట్టాను. చాలామంది ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు. దానికి చరిత్ర కూడా ఉంది. 1879లో క్రిమిసంహారకంగా తయారైన లిస్టరిన్ 1920ల ప్రకటనల్లో నోటి వాసనకు మందుగా మారింది. నోటి దుర్వాసనకు వైద్యుల పేరైన హాలిటోసిస్ అనే పదాన్ని ఇంటింటికీ చేర్చినవి ఆ ప్రకటనలే. నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం, దానికి సీసాలో విరుగుడు, ఈ రెండూ కలిసే అమ్ముడయ్యాయి. ఇప్పటికీ మన ఆలోచన ఆ దారిలోనే నడుస్తోంది.

మౌత్‌వాష్ పనికిరాదని నా ఉద్దేశం కాదు. జింకు ఉన్నవి గంధకంతో కలిసిపోయి వాసన రాకుండా చేస్తాయి. సీటిల్‌పిరిడీనియం క్లోరైడ్ ఉన్నవి బ్యాక్టీరియాను తగ్గిస్తాయి. సీసా మీద ఈ పేర్లు చూసి కొనండి, రంగు చూసి కాదు. నోరు ఎండే తత్వం ఉంటే ఆల్కహాల్ లేనిదే ఎంచుకోండి. క్లోర్‌హెక్సిడిన్ అన్నిటికంటే బలమైనది. కానీ ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తెలియకుండా పోతుంది. దంతవైద్యుడు చెబితేనే, చెప్పినన్ని రోజులే వాడాలి. పేస్టుతో తోముకున్న వెంటనే దాన్ని పుక్కిలిస్తే పేస్టులోని నురుగు పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది. అరగంట ఎడం ఇవ్వండి.

నాలుక వెనక భాగానికి చేరాలంటే తల వెనక్కి వాల్చి, నాలుక బయటికి చాపి గరగరలాడించాలి. బుగ్గల్లో తిప్పి ఉమ్మేస్తే అది అక్కడి దాకా పోదు.

ఏడో అడుగు: తిండి, ఉపవాసం, పొగాకు

వెల్లుల్లి తిన్నాక పళ్లు ఎంత తోమినా వాసన పోకపోవడం మీరు గమనించే ఉంటారు. వెల్లుల్లి నుంచి పుట్టే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం పేగుల నుంచి రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి వస్తుంది. నోటిని కడిగితే ఊపిరితిత్తులు కడిగినట్లు కాదు. ఆ వాసన తగ్గడానికి ఒక రోజు పట్టవచ్చు. భోజనంతో పాటు పచ్చి ఆపిల్, పుదీనా ఆకులు, పాలు తీసుకుంటే ఆ వాసన కొంత తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. ఇది తాత్కాలికం కాబట్టి జబ్బుగా భావించకండి. మర్నాడు ముఖ్యమైన సమావేశం ఉంటే ముందురోజు మానేయండి, అంతే.

భోజనం మానితే నోరు శుభ్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. నమలడం ఆగితే లాలాజలం తగ్గుతుంది. పైగా ఎక్కువ గంటలు తినకపోయినా, పిండి పదార్థాలు బాగా తగ్గించినా శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారు చేస్తుంది. వాటిలో ఎసిటోన్ ఊపిరిలోకి వస్తుంది. బరువు తగ్గడానికి కఠినమైన ఆహార నియమాలు పాటిస్తున్నవారికి ఇలా వచ్చిన వాసన నాలుక గీస్తే పోదు.

పొగాకు గురించి ఒక్క మాటే. కాల్చినా నమిలినా అది తన వాసన తాను వేస్తుంది, నోటిని ఎండగొడుతుంది, చిగుళ్లను తినేస్తుంది. మిగతా అడుగులన్నీ పాటిస్తూ దీన్ని మాత్రం ఉంచుకుంటే ఫలితం సగానికి కూడా రాదు.

రెండు వారాల తర్వాత

నాలుక, సందులు, తడి, ఈ మూడింటినీ రెండు వారాలు ఒక్క రోజూ తప్పకుండా చేసి, మొదట చేసిన పరీక్షలు అదే వేళకు మళ్లీ చేయండి. అదే మనిషిని మళ్లీ అడగండి. ఎక్కువ మందికి ఈపాటికి తేడా తెలుస్తుంది. తెలియకపోతే ముందుగా వెళ్లాల్సింది దంతవైద్యుడి దగ్గరికే. "పళ్లు శుభ్రం చేయండి" అని కాకుండా, "చిగుళ్ల జేబుల లోతు కొలిచి చెప్పండి" అని అడగండి. అవసరమైతే స్కేలింగ్ చేసి గార తొలగిస్తారు, లోతు ఎక్కువగా ఉంటే చిగురు కింద వేళ్ల వరకు శుభ్రం చేస్తారు. గార తీస్తే పళ్లు వదులవుతాయన్న భయం చాలామందికి ఉంది. గార అడ్డు తొలగి, వాపు తగ్గేసరికి పన్ను కదులుతున్నట్లు అనిపించవచ్చు. దాన్ని వదులు చేసింది గార, తీయడం కాదు.

పళ్లూ చిగుళ్లూ బాగున్నాయని తేలితే తర్వాత చెవి, ముక్కు, గొంతు వైద్యులు. టాన్సిల్స్ గుంటల్లో బియ్యపు గింజంత తెల్లటి, పసుప్పచ్చని గడ్డలు ఏర్పడుతుంటాయి. దగ్గినప్పుడు బయటపడితే, నలిపి చూస్తే భరించలేని వాసన. ఇవి ప్రమాదకరం కావు. ఉప్పునీటితో గరగరలాడిస్తే కొన్ని రాలిపోతాయి. పిన్నీసులతో, పుల్లలతో పొడిచి తీయాలని చూడకండి, టాన్సిల్ గాయమై రక్తం కారుతుంది. దీర్ఘకాలిక సైనస్ సమస్య, గొంతులోకి జారే శ్లేష్మం కూడా ఈ వైద్యులే చూస్తారు. చిన్నపిల్లలకు ఒకవైపు ముక్కు నుంచి మాత్రమే దుర్వాసనతో చీమిడి కారుతుంటే, గింజో పూసో ముక్కులో ఇరుక్కుందేమో వెంటనే చూపించాలి. బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాలిపోతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు.

కడుపు సంగతి చివరికి తెస్తున్నాను, ఎందుకంటే అందరూ మొదట అనుమానించేది దాన్నే. ఆహారనాళం మామూలుగా మూసుకునే ఉంటుంది. త్రేన్పు వచ్చినప్పుడు తప్ప కడుపులోని గాలి నోటికి రాదు. ఛాతీలో మంట, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నడం, తిన్నది అరగకముందే తిరిగి నోట్లోకి రావడం లాంటివి ఉంటేనే ఆ దిశగా వెతకాలి. ఇవేవీ లేకుండా మాత్రలు మింగడం నేను చేసిన తప్పే. దుర్వాసనకని సొంతంగా యాంటీబయాటిక్స్ వాడడం ఇంకా పెద్ద తప్పు. వాడినన్నాళ్లూ వాసన తగ్గినట్లే ఉంటుంది, ఆపగానే బ్యాక్టీరియా తిరిగి వస్తుంది.

కొన్ని వాసనలు మాత్రం ఆగకుండా వైద్యుడి దగ్గరికి పంపించాలి. మధుమేహం ఉన్నవారి ఊపిరిలో మాగిన పండు వాసన, దానితో పాటు వాంతులు, విపరీతమైన దాహం, వేగంగా ఊపిరి తీయడం కనిపిస్తే అది రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరిగే కీటోఅసిడోసిస్ కావచ్చు, తక్షణం ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అమోనియా వాసన, కాలేయ వ్యాధి ముదిరినవారిలో తీపి కలిసిన ముక్కిపోయిన వాసన వస్తాయి. ఎప్పుడూ చేపల వాసన వస్తుంటే అది ట్రైమిథైలమైనూరియా అనే అరుదైన జన్యు సమస్య కావచ్చు. రెండు వారాలు దాటినా మానని నోటిపుండు, కదులుతున్న పన్ను, మింగేటప్పుడు నొప్పి, మెడలో గడ్డ ఉంటే వాసన సంగతి పక్కన పెట్టి ముందు వాటిని చూపించుకోండి.

వాసన లేకపోయినా ఉందనిపిస్తే

వైద్యులు లేదంటున్నారు, ఇంట్లోవారు లేదంటున్నారు, అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఎవరైనా ముక్కు రుద్దుకున్నా, కిటికీ తెరిచినా అది మన వల్లే అనిపిస్తుంది. రోజుకు ఆరేడుసార్లు తోముకుని చిగుళ్లు అరగదీసుకునేవారు, మాట్లాడడమే మానేసినవారు, ఉద్యోగం వదిలేసినవారు ఉన్నారు. దీన్ని హాలిటోఫోబియా అంటారు. ఇది పిచ్చి కాదు, నటన అంతకన్నా కాదు. ఆ బాధ నిజమైనది, కాకపోతే దాని మూలం నోట్లో లేదు, ఆందోళనలో ఉంది. మానసిక వైద్యులు, కౌన్సెలింగ్ నిపుణులు దీనికి చికిత్స చేయగలరు. ఇలాంటివారితో "అంతా నీ భ్రమ" అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని వారి మాట పూర్తిగా వినండి.

ఎదుటివారికి చెప్పవలసి వస్తే

మనకు తెలిసినా చెప్పలేకపోవడమే ఈ సమస్యను ఏళ్ల తరబడి పెంచుతుంది. చెప్పేటప్పుడు మూడో మనిషి ఉండకూడదు. చూయింగ్ గమ్ చేతికిచ్చి అర్థం చేసుకుంటారులే అనుకోవడం, పేరులేని ఉత్తరం పెట్టడం మనిషిని ఎక్కువ గాయపరుస్తాయి. సూటిగా, తక్కువ మాటల్లో చెప్పండి: "నీతో ఒక మాట చెప్పాలి, నాకైతే ఎవరైనా చెప్పాలనే కోరుకుంటాను. ఈ మధ్య నీ ఊపిరి కాస్త వాసన వస్తోంది. పళ్లలోనో చిగుళ్లలోనో ఏదైనా ఉందేమో ఒకసారి చూపించుకో." అంతటితో ఆపి, మాట మార్చండి. ఆ క్షణంలో వారి ముఖం చిన్నబోతుంది, కొన్ని రోజులు ముభావంగా ఉండవచ్చు. నాకు మొదట ఈ మాట చెప్పింది మా అక్క. వారం రోజులు తనతో సరిగ్గా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తనే దంతవైద్యురాలి దగ్గరికి తోడు వచ్చింది.